ఉప్పు తక్కువ ఉప్మా

మా ఇంట్లో తెల్లవారగానే మొదట వినబడేది ఫ్రిజ్ తలుపు చప్పుడు. మా ఆయన ఇన్సులిన్ సీసా తీసి, అరచేతుల మధ్య కాసేపు దొర్లించి, బనియన్ పైకెత్తి పొట్టకు సూది వేసుకుంటాడు. ఆ సూది దిగిన క్షణం నుంచి నాకు పొయ్యి తప్ప మరేదీ కనబడదు. మొదటిసారి సూది రాసిచ్చిన రోజున డాక్టరు ఆయనను వదిలేసి నా వైపు తిరిగి చెప్పాడు. వేసుకున్న అరగంటలో తినాలి, ఆలస్యమైతే ఒంట్లో చక్కెర పడిపోతుంది, మరీ పడిపోతే మనిషి మళ్లీ లేవకపోవచ్చు. మా ఆయన ఎనుమాముల మార్కెట్లో, రైతుల మిర్చి అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఆ మాటలు విని, తలూపి, బయటికొచ్చి, చాయ్ తాగుదామా అని అడిగాడు. ఆ హెచ్చరికను మోయాల్సింది నేనేనని అప్పుడే అర్థమైంది.

అందుకే నావన్నీ తొందర నాష్టాలు. తొందర అంటే సోమరితనం కాదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆ మాట నేను చాలాసార్లు పడ్డాను, పడ్డ ప్రతిసారీ ఎవరి నోటి నుంచి పడ్డానో కూడా గుర్తుంది.

బొంబాయి రవ్వను ఆదివారం మధ్యాహ్నమే సన్నటి మంట మీద దోరగా వేయించి డబ్బాలో పోసి పెడతాను. పొద్దున ఒక పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటే రెండో పొయ్యి మీద పోపు. ఆవాలు, శనగపప్పు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నాలుగు పల్లీలు. మరిగిన నీళ్లు పోపులో పోసి, ఎడమచేత్తో రవ్వ జారవిడుస్తూ కుడిచేత్తో కలిపితే ఉండ కట్టదు. అటుకులైతే ఇంకా సులువు. లావు అటుకులను జల్లెడలో పోసి నల్లా కింద ఒక్కసారి తడిపి పక్కన పెడితే, పల్లీలు వేగేలోపు వాటంతటవే మెత్తబడతాయి. గిన్నెలో నానబెట్టేవాళ్లు ముద్ద తింటారు, అది వాళ్ల ఖర్మ. రాత్రి అన్నం మిగిలితే చేత్తో విడదీసి, పసుపు వేసి పోపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండుతాను. అదీ లేనినాడు రెండు గుడ్లు గిలకొట్టి పెనం మీద పోసి, వాటి మీదే బ్రెడ్డు ముక్క అద్ది తిప్పేస్తాను. మా ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పళ్లెం సిద్ధంగా ఉంటుంది.

ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒకే మాట అంటాడు. "ఉప్పు తక్కువైంది." పెళ్లైన కొత్తలో పరుగెత్తి ఉప్పు తెచ్చేదాన్ని. తర్వాత ఉప్పు డబ్బా పళ్లెం పక్కనే పెట్టాను. వేసుకోడు, అనడం మానడు. ఒకసారి కావాలనే చేయి జార్చి వేశాను. ఎక్కువైందని పిల్లలు పళ్లేలు తోసేశారు. ఆయన మాత్రం తింటూ అదే మాట అన్నాడు. బాగుందన్న మాట ఆ నోటి నుంచి నేను ఒక్కసారీ వినలేదు. ఇది చిన్న విషయమని నాకు చాలామంది చెప్పారు. రోజూ వంట చేసి పెట్టినవాళ్లెవరూ చెప్పలేదు.

ఇక మా వదినె సంగతి. మా ఆయనకు అక్క, తల్లి పోయాక ఆయనను పెంచిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. నెక్కొండ దగ్గర బడిలో పంతులమ్మగా చేసి, రిటైరయ్యాక ఒక ట్రంకు పెట్టె, తల్లి నాటి ఇత్తడి సర్వ గిన్నె పట్టుకుని రైలు దిగి, ఖిలా వరంగల్‌లోని మా ఇంటికి వచ్చింది. వచ్చిన మర్నాడు నేను ఉప్మా పెట్టాను. ఆమె చెంచాతో ఇటు కదిపి, అటు కదిపి, "గిది దవాఖానల పేషెంట్లకు పెట్టేది గదా పిల్లా" అంది. నా తమ్ముడు మా ఇంట్లోనే ఉన్నాడు ఆ రోజు. వాడి ముందు అంది.

ఆమె దృష్టిలో నాష్టా అంటే సర్వపిండి. నేను కాదనను, అది మా ఓరుగల్లు తిండి. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, పల్లీలు, ఉల్లాకు, కారం వేసి పిసికి, నూనె రాసిన సర్వ లోపలి గోడలకు చేత్తో అద్ది, వేలితో చిల్లులు పొడిచి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నమంట మీద ఉంచాలి. ఒకటి తీశాక రెండోది వెంటనే అద్దలేం, చెయ్యి కాలుతుంది. సర్వను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి. రుచికి దానికది సాటి. కానీ సూది వేసుకున్న మనిషికి సర్వ చల్లారే దాకా ఆగమని ఎవరు చెబుతారు?

వదినె తెచ్చిన రెండో వస్తువు ప్రార్థన. మేమూ ప్రార్థన చేసుకునే కుటుంబమే, పడుకునే ముందు నాలుగు మాటలు. ఆమె వచ్చాక అది పొద్దుటికి మారింది. వాక్యం చదివాక, పాట పాడాక, ఆమె కళ్లు మూసుకుని మొదలుపెడితే చుట్టాలందరూ, సంఘంలో జబ్బుపడ్డవాళ్లందరూ, నెక్కొండలో ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అందరూ వరసగా వచ్చేవారు. ఆమెన్ అనేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు. మా ఆయన సూది వేసుకుని వచ్చి చాప మీద కూర్చునేవాడు. నా ఉప్మా వంటింట్లో మూత కింద చెమట పట్టేది.

తిని కూర్చుందామని నేను అన్నాను.  ఆమె మర్నాడు ప్రార్థనలో జవాబిచ్చింది. "ఈ ఇంటిలో నీకంటె ముందు కడుపును తలంచువారికి ఓపిక దయచేయుము తండ్రీ." కళ్లు మూసుకుని దేవుడితో చెప్పిన మాటకు నేనేం జవాబు చెప్పను? మా ఆయన పక్కనుంచి ఆమెన్ అన్నాడు.

కొంతకాలానికి అది మొదలైంది. ప్రార్థన సగంలో ఉండగా మా ఆయన పై పెదవి మీద చెమట పట్టింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. తర్వాత కన్నీళ్లు కారాయి. ఎప్పుడూ నోరు విప్పని మనిషి గొంతెత్తి ప్రార్థించడం మొదలుపెట్టాడు, మాటలు ముద్దముద్దగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ. చేతులు వణికాయి. ఆమెన్ అయ్యాక నేను పళ్లెం చేతికిస్తే ఆవురావురుమని తిన్నాడు. తిన్న కాసేపటికి మామూలు మనిషైపోయి, ఏమన్నావని అడిగితే నాకు యాదికి లేదన్నాడు.

వదినె కళ్లు తుడుచుకుంది. "సూసినవా పిల్లా, మా తమ్మున్ని ఆత్మ ముట్టింది."

"ఆత్మ కాదు వదినె, షుగరు పడిపోయింది" అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు నేను మరచిపోలేదు. ఓ పిల్ల బడిలో తప్పు లెక్క చెప్పినప్పుడు చూసే చూపు.

అది అప్పుడప్పుడు రాసాగింది. వేలు పొడిచి షుగరు మిషన్‌లో చూద్దామని ఒకసారి ప్రార్థన మధ్యలోనే డబ్బా తెచ్చాను. దేవుని సన్నిధిలో రక్తం తీస్తావా అని వదినె నా చెయ్యి తోసేసింది. తిన్నాక చూస్తే మిషన్ బాగానే చూపించేది, తిన్నాక పడ్డ షుగరు ఎలాగూ లేస్తుంది. పాస్టరుగారికి చెప్పాను. ఆయన మర్యాదగా విని, ఇంట్లో పెద్దల భక్తి చూసి సంతోషించమన్నారు. ఆ తర్వాతి ఆదివారం ప్రసంగంలో, బైబిల్లో యేసు ఇంటికొస్తే వంటపనిలో పడి సణుక్కున్న ఆమె సంగతి వచ్చింది. బెంచీల మీది తలలు నా వైపు తిరిగాయి. ఎవరెవరివో చెప్పమన్నా చెప్పగలను.

వార్త సంఘమంతా పాకింది. గుమాస్తా గారి ప్రార్థనలో శక్తి ఉందట. ఎవరో పరీక్షలు రాసే కూతుర్ని తెచ్చి ఆయనతో తల మీద చెయ్యి పెట్టించుకున్నారు. మార్కెట్లో బస్తాల పక్కన నిలబడి సేట్ల కేకలకు సరే సరే అంటూ బతికిన మనిషి మొదటిసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని చాప మీద ముందు వరసలో కూర్చున్నాడు. ఒక సాయంత్రం నేను గట్టిగా పట్టుబట్టాను. ప్రార్థనకు ముందే తిను, లేదంటే ప్రార్థన అయ్యాక సూది వేసుకో, ఏదో ఒకటి మార్చు, లేకపోతే ఒకరోజు ఆ చాప మీదే పోతావు అన్నాను.

 ఆయన అన్నాడు. "నా జిందగీల మొదటిసారి నలుగురు కూసోని నా మాట వింటాండ్లు. గది గూడ షుగరేనా?"

నాకు జవాబు తెలుసు. అవునని చెప్పాను. ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట తగ్గించాడు, ఉప్పు గురించి తప్ప.

సెలవు రోజు ఒకటి చూసి వదినె మా ఇంట్లో పొద్దుటి ప్రార్థన కూటం పెట్టించింది. సంఘం వాళ్లు వస్తారు, మందికి ఉప్మా పెడితే నవ్వుతారు, సర్వపిండి చేస్తానంది. ఇరుగుపొరుగు సర్వలు అడిగి తెస్తానంటే వద్దంది, తల్లి సర్వలో చేస్తేనే ఆ రుచి వస్తుందట. చీకటి విడవకముందే పిండి పిసికింది. నేను మా ఆయన కోసం అటుకుల పోపు చేసి, పళ్లెంలో పెట్టి, మరో పళ్లెం బోర్లించి కిటికీ గూట్లో ఉంచాను. అలవాటు ప్రకారం ఫ్రిజ్ తలుపు చప్పుడైంది, సూది దిగింది. ముందు తినమని పళ్లెం ఇచ్చాను.

"గింతమంది ముంగట నేనొక్కన్నే ఎట్ల తింట?" అన్నాడు.

"వంటింట్ల తిను, ఎవ్వలు సూడరు."

ఈలోగా వాకిట్లో చెప్పులు విడిచే చప్పుడు. ఆయన ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ వెళ్లిపోయాడు. వదినె నా చేతిలోంచి పళ్లెం తీసుకుని అటక మీద పెట్టింది, నాకు అందనంత ఎత్తున. "అందరితోపాటు తింటడు. జర నువ్వు సర్వ కాడ ఉండు, మాడనియ్యకు."

నేను సర్వ దగ్గరే ఉన్నాను. అక్కడి నుంచి ముందుగది సగం కనబడుతుంది. చాపల నిండా మనుషులు, ఆయన వీపు, తెల్లచొక్కా. ఒక పాట అయింది. రెండో పాట. ఒక సర్వపిండి తీసి, సర్వను నీళ్లలో బోర్లించాను, బుస్సుమని ఆవిరి లేచింది. అది చల్లారేదాకా అక్కడే నిలబడి ఆయన చొక్కా చూస్తున్నాను. వీపు మధ్యలో చిన్న తడి మచ్చ. మరొకటి అద్ది మూత పెట్టి చూస్తే ఆ మచ్చ భుజాల దాకా పాకింది. డబ్బాలోంచి చక్కెర తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఎందుకు వెంటనే వెళ్లలేదని డాక్టరు తర్వాత అడిగాడు. గదిలో ఉన్నవాళ్లంతా నన్నేమనేవారో ఆయనకు తెలియదు.

వదినె ప్రార్థన ముగిస్తూ తమ్ముడిని లేవమంది. ఆయన గోడ పట్టుకుని లేచాడు. స్తోత్రం తండ్రీ అని మొదలుపెట్టాడు. గొంతు పెద్దదైంది, జనం హల్లెలూయ అన్నారు. తర్వాత మాటలు మారాయి. "తేమున్నది, తేమున్నది. పక్కకు వెట్టు. తేజ రకం, ఎర్రగున్నది, సూడు సేటూ. ఇంక పెంచు." మార్కెట్లో మిర్చి వేలం దగ్గర ఆయన రోజూ వినే కేకలు. కళ్లు మూసుకున్న జనం ప్రతి కేకకూ ఆమెన్ అన్నారు. ఒక ఆవిడ ఏడ్చింది. ఒకాయన చేతులు పైకెత్తి ఊగాడు. నా గుప్పిట్లో చక్కెర చెమటకు కరిగి జిగటగా అయింది.

నేను చాపల మీదుగా నడిచాను. ఎవరి వేళ్లు తొక్కానో తెలియదు. ఆయన దగ్గరికి చేరేలోపే వదినె నా మణికట్టు పట్టుకుంది. కళ్లు తెరవలేదు.

"ఆగు పిల్లా. దేవుడు పని చేస్తాండు."

"మనిషి పోతాండు వదినె" అన్నాను.

ఆమె పట్టు వదల్లేదు. ఆయన మోకాళ్లు వంగాయి, పక్కకు ఒరిగి ఇనుప బీరువాకు తల కొట్టుకుని కింద పడ్డాడు. జనం ఇంకా ఆమెన్ అంటూనే ఉన్నారు. నేను చెయ్యి విదిలించుకుని, ఆయన దవడ లోపల వేలితో చక్కెర రుద్దాను. పళ్లు బిగుసుకుని ఉన్నాయి. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గాని వాటిలో నేను లేను. అప్పుడు వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. మాడనియ్యకని ఆమె చెప్పిన సర్వ అది.

ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. గ్లూకోజ్ ఎక్కాక మధ్యాహ్నానికి కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. డాక్టరు వదినెను కూడా పిలిచి నిలబెట్టి చెప్పాడు. "ఇన్నాళ్లు మస్తుసార్లు పడ్డది గదమ్మా, ఒంటికి అలవాటైపోయింది. ఇప్పటి సంది చెమట రాకపోవచ్చు, వణుకు రాకపోవచ్చు. మంచిగ కూసున్నట్టే ఉంటడు, అట్లనే పోతడు. ఇంట్లోళ్లే కనిపెట్టుకోవాలె."

సాయంత్రం ఆ దవాఖానలో మాక్కూడా తిండి పెట్టారు. ఉప్మా. పొద్దుటి నుంచి ఏమీ తినని వదినె గోడ వైపు తిరిగి పళ్లెం ఖాళీ చేసింది. నేను ఆమెనే చూస్తూ కూర్చున్నాను. ఆమె తల ఎత్తలేదు.

నాకు క్షమాపణ ఎవరూ చెప్పలేదు. చెప్పనిది చెప్పినట్టు రాయను. నేను కూటాన్ని చెడగొట్టానని సంఘంలో ఇప్పటికీ ఒక మాట ఉంది. నేను మధ్యలో దూరకపోతే ఆయనకు సంపూర్ణ స్వస్థత దొరికేదట. ఆ మాట మొదట ఎవరి ఇంట్లో పుట్టిందో కనుక్కున్నాను, ఆ ఇంటి పెళ్లికి వెళ్లలేదు. మా ఆయన మళ్లీ నిలబడి ప్రార్థించలేదు. ఆయనతో తల మీద చెయ్యి పెట్టించుకోవడానికి ఎవరూ రావడం లేదు. ఇస్త్రీ చొక్కాలు బీరువాలో ఉన్నాయి. తన తల తగిలి ఆ బీరువా తలుపు మీద పడ్డ సొట్టను ఒక్కోసారి చూస్తూ నిలబడతాడు.

పొద్దుటి ప్రార్థన ఆగలేదు. మారింది ఒక్కటే. సూది దిగగానే పళ్లెం తెచ్చి చాప మీద కూర్చున్న ఆయన ఒళ్లో పెడతాను. వదినె కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే ఆయన తింటూ ఉంటాడు. నమిలే చప్పుడు వినబడకుండా ఆమె గొంతు పెంచుతుంది. తొందరపాటు గలవారిని క్షమించమని ఇప్పటికీ రోజూ అడుగుతుంది. అడగనీ. అందరూ కళ్లు మూసుకున్న ఆ గదిలో నేనొక్కదాన్నే కళ్లు తెరిచి కూర్చుంటాను, గుప్పిట్లో చక్కెరతో, ఆయన ముఖం చూస్తూ.

కానీ ముఖంలో ఏమీ కనబడదు. డాక్టరు చెప్పినట్టే అయింది. చెమట లేదు, వణుకు లేదు. నెమ్మదిగా కూర్చున్న మనిషీ, నెమ్మదిగా మునిగిపోతున్న మనిషీ ఒక్కలాగే ఉంటారు. ఒకసారి మిషన్ అడుగుకు పడిపోయిన అంకె చూపిస్తుంటే ఆయన నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు. 

అందుకే ఒక దారి వెతుక్కున్నాను. నాష్టాలో ఉప్పు తగ్గించి వేస్తాను. ఉప్మా అయినా, అటుకులైనా, పోపన్నమైనా. మొదటి ముద్ద తిన్నాక వంగి మెల్లగా అడుగుతాను, ఉప్పు సరిపోయిందా అని. తక్కువైంది అంటే ఆయన ఇక్కడే ఉన్నట్టు. ఇన్నేళ్లూ నన్ను పొడిచిన ఆ మాట కోసం ఇప్పుడు ఎదురుచూస్తాను. అంతమాత్రాన పాత లెక్క మాఫీ చేశానని కాదు.

మొన్న వానపట్టిన పొద్దున ఉప్మా పెట్టాను. రాత్రి ఆయన సరిగా తినలేదని నాకు తెలుసు. వదినె ప్రార్థన నెక్కొండ దాకా వచ్చింది. ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నేను వంగి అడిగాను.

ఆయన నా వైపు తిరిగాడు. ముఖం ప్రశాంతంగా ఉంది, పెళ్లినాటి ఫొటోలో ఉన్నట్టు.

"మంచిగున్నదే" అన్నాడు. "మస్తు మంచిగున్నది."

నేను గుప్పిట విప్పి చక్కెర ఆయన నోట్లో పోశాను. తోసెయ్యలేదు, పసిపిల్లవాడిలా చప్పరించాడు. వేలు పొడిచి మిషన్ పెట్టాను. అంకె అట్టడుగున ఉంది, ఆయన చేతులు మాత్రం వణకలేదు. వదినె గొంతు ఆగింది. కళ్లు మూసుకునే, "ఎంతున్నది?" అని అడిగింది. చెప్పాను. ఆమె ఆ రోజు ప్రార్థనను ఎక్కడిదక్కడే వదిలేసి, ఆమెన్ కూడా అనకుండా లేచి, నీళ్లలో చక్కెర కలిపి తెచ్చింది.

ఈ ఇంట్లో నా వంటకు దక్కిన ఒకే ఒక్క మెప్పు అది. అది కూడా జబ్బు చెప్పింది.

మర్నాడు ఉప్పు ఇంకొంచెం తగ్గించాను.